ఒక పేజీ, ఒక కోరిక

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి విజయవాడ రోడ్డున వస్తుంటే ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దాటాక పెద్ద అంబర్‌పేట్ తగులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఈ జాతీయ రహదారిని కలిసేది అక్కడే. హయత్‌నగర్‌కూ పెద్ద అంబర్‌పేట్‌కూ నడుమ దూరం కొద్దిపాటిదే. ఆ కొద్ది దూరంలోనే ప్రజాప్రతినిధులు మారిపోతారు. హయత్‌నగర్‌లో ఓటున్నవారికి ఎల్‌బీ నగర్ ఎమ్మెల్యే, మల్కాజ్‌గిరి ఎంపీ. పెద్ద అంబర్‌పేట్‌లో ఓటున్నవారికి ఇబ్రహీంపట్నం ఎమ్మెల్యే, భువనగిరి ఎంపీ. ఒకే రోడ్డు మీది ఇబ్బంది గురించి ఈ రెండు ఊళ్లవాళ్లూ రాయాలనుకుంటే కవర్ల మీద రెండు వేర్వేరు పేర్లు ఉండాలి.

ప్రజాప్రతినిధికి రాసే ఉత్తరం గురించిన అధ్యాయాన్ని నియోజకవర్గాల హద్దులతో మొదలుపెట్టడం కావాలనే. కాలనీ సంఘాలు రాసుకున్న అర్జీలు చాలా చదివాను. వాటిలో బాధ నిజమైనది, భాషకూ వంక పెట్టలేం, సంతకాలూ బోలెడుంటాయి. అయినా పని జరగదు. ఆ పని చేయగలిగిన మనిషికి ఆ కాగితం చేరకపోవడం ఒక కారణం. చేరినా, ఆయన ఏం చేయాలో అందులో రాసి ఉండకపోవడం రెండో కారణం. ఈ రెండూ సరిచేసుకుంటే చాలు, మామూలు తెలుగులో, మామూలు చేతిరాతతో రాసిన ఉత్తరం కూడా పనిచేస్తుంది.

ఎవరి చేతిలో ఉన్న పని?

పెద్ద అంబర్‌పేట్ వాసులకు ఈ మొదటి ప్రశ్నే గడ్డు ప్రశ్న. మొన్నటిదాకా అది సొంత మున్సిపాలిటీ. కుంట్లూరు, తట్టిఅన్నారం, పసుమాముల అన్నీ అందులోవే. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2025 జనవరిలో తీరిపోయింది. అదే ఏడాది చివర్లో ప్రభుత్వం ఔటర్ చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపింది. పెద్ద అంబర్‌పేట్, తుర్కయంజాల్, ఆదిభట్ల ఆ జాబితాలో ఉన్నాయి. ఇప్పుడు మున్సిపల్ చైర్‌పర్సన్ పేరిట ఉత్తరం రాస్తే తీసుకునేవారే లేరు. రాసే ముందు మీ ఇల్లు ఇవాళ ఏ వార్డులో, ఏ సర్కిల్ కింద ఉందో కనుక్కోండి. పాత ఇంటి పన్ను రశీదు మీద ఉన్న ఆఫీసు పేరును నమ్ముకోకండి.

పనుల పంపకం కూడా తెలిసి ఉండాలి. కాలనీ లోపలి రోడ్డు, చెత్త, వీధి దీపాలు బల్దియావి, అంటే నగరపాలక సంస్థవి. మంచినీళ్లు జలమండలివి. కరెంటు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది. సిటీ బస్సు ఆర్టీసీది. చెరువు శిఖం, ప్రభుత్వ భూమి, కబ్జా లాంటివి రెవెన్యూ వాళ్లవి, అంటే అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ మొదలు కలెక్టర్ దాకా. ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వం కిందివే కాబట్టి వీటి మీద ఉత్తరం వెళ్లాల్సింది ఎమ్మెల్యేకు.

హైవే సంగతి వేరు. జాతీయ రహదారి 65 కేంద్రానిది, జాతీయ రహదారుల సంస్థ నిర్వహిస్తుంది. దాని సర్వీసు రోడ్డు, యూ టర్న్, డివైడర్, మనుషులు దాటడానికి వంతెన లాంటివి ఎంపీ అడగాల్సిన విషయాలు. భువనగిరి ఎంపీ ఎవరైనా సరే, ఈ రోడ్డు ఆయన పనిలో పెద్ద భాగం. పెద్ద అంబర్‌పేట్ దగ్గర మొదలై చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా నకిరేకల్ దాకా ఈ రహదారి ఆయన నియోజకవర్గంలోంచే పోతుంది. మీ ఉత్తరం ఆయనకు కొత్త విషయం చెప్పదు. ఆయన ఎలాగూ మాట్లాడాల్సిన విషయంలో మీ ఊరి పేరు చేరుస్తుంది. అది చిన్న లాభం కాదు.

ఒక్కోసారి ఒకే కోరికకు ఇద్దరూ కావాలి. మెట్రోనే చూడండి. అమీర్‌పేట్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. రెండో దశలో ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించి, 2024 నవంబర్‌లో మిగతా మార్గాలతో కలిపి కేంద్రం ఆమోదానికి పంపింది. హయత్‌నగర్‌తో ఆపకుండా ఔటర్ దాకా తెస్తే బాగుండునని పెద్ద అంబర్‌పేట్ వాసికి అనిపించడం న్యాయమే. కానీ ఈ కోరికతో కార్పొరేటర్ ఇంటి ముందు నిలబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? మార్గం ఎక్కడిదాకా అని తేల్చేది రాష్ట్ర మంత్రివర్గం. ఆమోదించి వాటా పెట్టాల్సింది కేంద్రం. అందువల్ల ఎమ్మెల్యేకు రాసేటప్పుడు ‘పొడిగింపు మీద సర్వే చేయించమని ముఖ్యమంత్రి గారికి సిఫారసు లేఖ పంపండి’ అని అడగాలి. ఎంపీకి రాసేటప్పుడు ‘ఈ మార్గం ఆమోదం ఏ దశలో ఉందో లోక్‌సభలో ప్రశ్న వేయండి’ అని అడగాలి. కోరిక ఒకటే అయినా ఉత్తరాలు రెండు, వాటిలో అడిగే పనులూ రెండు. ఒకే ఉత్తరాన్ని జిరాక్స్ తీసి ఇద్దరికీ పంపితే ఇద్దరూ రెండో ఆయన చూసుకుంటాడని ఊరుకుంటారు.

మీ ఉత్తరం ఎవరు చదువుతారు?

ఎమ్మెల్యే చదువుతారని అనుకుని రాస్తాం. చాలావరకు ముందు చదివేది ఆయన పీఏ. పొద్దున్నే ఇంటి ముందు జనం, ఫోన్లు, పెళ్లి పత్రికలు, ఆసుపత్రి ఖర్చులకు సీఎం సహాయనిధి దరఖాస్తులు. ఈ నడుమ ఆ పీఏ మీ కాగితం అందుకుని పై నుంచి కిందికి ఒకసారి చూస్తారు. ఆ చూపులో ఆయనకు తెలియాల్సినవి మూడే. ఎవరు రాశారు, ఏ ఊరు, ఏం కావాలి. ఇవి రెండో పేజీలో దొరికితే దొరకనట్టే.

ఆ తర్వాత జరిగేది చాలామందికి తెలియదు. ఎమ్మెల్యే పనికి పూనుకుంటే సాధారణంగా తన లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాయించి, మీ అర్జీని దానికి జతచేసి సంబంధిత అధికారికి పంపుతారు. లేదా మీ కాగితం మీదే ‘పరిశీలించి తగు చర్య తీసుకోగలరు’ అని రాసి సంతకం పెడతారు. అప్పుడు మీ ఉత్తరం ఒక ఇంజినీరు బల్ల మీదో, డిప్యూటీ కమిషనర్ బల్ల మీదో పడుతుంది. దాన్ని రెండోసారి, శ్రద్ధగా చదివేది ఆ అధికారే. కాబట్టి ఉత్తరం ఇద్దరి కోసం రాయాలి. మొదటి నాలుగు పంక్తులు పీఏకు అర్థం కావాలి. మిగతా పేజీ అధికారికి పనికిరావాలి. అధికారికి మీ ఆవేదన కంటే ఆనవాళ్లు ముఖ్యం. ఏ వీధి, ఏ కరెంటు స్తంభం నంబరు, ఎవరి ఇంటి నుంచి ఏ గుడి దాకా, ఎన్ని మీటర్లు, ఎప్పటి నుంచి. స్తంభం నంబరు రాసిన అర్జీని ‘స్థలం గుర్తించలేకపోయాం’ అని వెనక్కి పంపడం కుదరదు.

అందుకే ‘విషయం’ అన్న పంక్తి మీద మిగతా ఉత్తరమంతటి కంటే ఎక్కువసేపు కూర్చోండి. ‘మా కాలనీ సమస్యల గురించి’ అని రాసేవాళ్లే ఎక్కువ. ఆ పంక్తి చదివితే ఏమీ తెలియదు. ‘కుంట్లూరు ఫలానా కాలనీ 2వ వీధిలో 140 మీటర్ల మురుగు కాలువ నిర్మాణానికి అంచనా తయారు చేయించమని వినతి’ అని రాస్తే, పీఏకు ఏ శాఖకు పంపాలో, ఇంజినీరుకు ఏం చేయాలో ఆ ఒక్క పంక్తిలోనే తెలిసిపోతుంది. ‘కాలువ కట్టించండి’ అనకుండా ‘అంచనా తయారు చేయించండి’ అన్నది గమనించండి. అంచనా లేకుండా మంజూరు లేదు, మంజూరు లేకుండా టెండరు లేదు. ఎక్కడ ఆగిందో చూసి ఆ మెట్టునే అడగాలి. మొత్తం పనినంతా అడిగితే ‘చూద్దాం’ అంటారు. తర్వాతి మెట్టును అడిగితే ఫోన్ తీసి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)తో మాట్లాడతారు.

ఏడు కష్టాలు ఒక కాగితం మీద పెట్టకండి

ఇంత చెప్పినా మనవాళ్లు చేసే పని ఒకటుంది. ఎలాగూ వెళ్తున్నాం కదా అని రోడ్డు, నీళ్లు, కుక్కలు, దోమలు, పార్కు కబ్జా, బస్సు, శ్మశానానికి దారి అన్నీ వరుసగా రాస్తారు. సంఘంలో ఎవరి బాధ వదిలేసినా వారికి కోపం వస్తుందన్న మొహమాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏడు శాఖల పనులున్న కాగితాన్ని ఏ ఒక్క శాఖకూ పంపలేరు. పంపినా ఆ శాఖ తన వాటా ఒక్కటి తీసుకుని ‘మిగతావి మా పరిధిలోకి రావు’ అని ఫైలు మూసేస్తుంది. ఏడు బాధలుంటే ఏడు ఉత్తరాలు రాయండి. నెలకొకటి పంపండి. సంఘం సమావేశంలో వరుస నిర్ణయించుకోండి.

ఒకే కోరికకున్న బలం మన నేల మీదే రెండుసార్లు దేశమంతటికీ కనబడింది. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఇదే హైవే మీద ముందుకు పోతే వచ్చేది ఉమ్మడి నల్గొండ జిల్లా. అక్కడి భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసింది. ఊళ్లకు ఊళ్లు ఆ నీళ్లే తాగాయి. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నా ఎవరూ పట్టించుకోక, దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో బాధితుల చేతా, వారి తరఫువారి చేతా పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయించింది. నల్గొండ స్థానంలో అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. సమితి నిలబెట్టినవారి నోట ఒక్కటే మాట, తాగడానికి మంచినీళ్లు. అప్పట్లో 500 రూపాయలున్న డిపాజిట్‌ను ఆ ఏడాదే చట్టం మార్చి 10,000 చేశారు. ఆ నీళ్ల కోసం ఇంకా చాలా ఏళ్లు పోరాడాల్సి వచ్చింది. 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లా నీళ్ల పథకానికి, తర్వాత మిషన్ భగీరథ అని పేరు పడినదానికి, పైలాన్ ఆవిష్కరించిన చోటు అప్పటి నల్గొండ జిల్లాలోని చౌటుప్పలే. ఇదే హైవే మీద.

రెండోది నిజామాబాద్. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీలో ఉంటే, వారిలో 178 మంది రైతులు. వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి పసుపు బోర్డు, మద్దతు ధర. గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని బాండ్ పేపరు మీద రాసిచ్చిన సంగతి అందరికీ గుర్తే. 2023 అక్టోబర్‌లో కేంద్రం జాతీయ పసుపు బోర్డును ప్రకటించింది, 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. పసుపుకు మాత్రం కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో ఇప్పటికీ చోటు లేదు. ఈ తేడాలో ఉత్తరం రాసేవారు నేర్చుకోవాల్సింది ఉంది. బోర్డు అన్నది ఒక నోటిఫికేషన్‌తో, ఒక సంతకంతో మొదలయ్యే పని. ఇచ్చారా లేదా అని ఎవరైనా వేలు చూపి అడగగలరు. ధర అలాంటిది కాదు. దానికి బడ్జెట్, సేకరణ, గోదాములు, మార్కెట్ అన్నీ కదలాలి. ధర అడగవద్దని నా ఉద్దేశం కాదు, రైతుకు అసలు కావాల్సింది అదే. కానీ ఉత్తరం రాసేటప్పుడు పెద్ద కోరికలోంచి ఒక్క సంతకంతో అయ్యే ముక్కను తీసి దాన్ని ముందు పెట్టాలి.

ఎన్నికల బరిలో దిగడం అందరివల్లా అయ్యే పని కాదు. ఉత్తరం అందరివల్లా అవుతుంది. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే.

వంగిన నడుముతో రాయొద్దు

మన వినతిపత్రాల్లో మొదటి పేరా అంతా పొగడ్తే. పేదల పాలిటి పెన్నిధి, అభివృద్ధి ప్రదాత, ఇంకా ఎన్నో. చివరి పేరా అంతా వేడుకోలు. నడుమ రెండు పంక్తుల్లో అసలు విషయం ఇరుక్కుని ఉంటుంది. ‘బాంచెన్, కాల్మొక్తా’ అనే రోజులు పోవాలని ఈ నేల మీద ఎంతమంది ప్రాణాలిచ్చారో మనకు తెలుసు. ఆ వంగుడు కాగితం మీద మిగిలిపోకూడదు. ‘గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి, నమస్కారం’ చాలు. మర్యాదకు అంతకంటే అక్కర్లేదు.

బెదిరింపూ అలాగే వద్దు. ‘వచ్చే ఎన్నికల్లో మా కాలనీ ఓట్లు పడవు’ అని రాసినవాళ్ల కాగితాన్ని ఎదుటి పార్టీవాళ్లు రాయించారని పక్కన పెట్టడం తేలిక. మీ కాలనీలో ఎన్ని ఇళ్లున్నాయో, ఎందరు పిల్లలు ఆ దారిన బడికి పోతున్నారో రాయండి. ఓట్ల లెక్క వాళ్లకు మీకంటే బాగా వచ్చు, ఆ కూడిక వాళ్లే చేసుకుంటారు.

ఇంగ్లిషులో రాస్తేనే విలువ అన్న భయం కూడా వదిలేయండి. రాజ్యాంగంలోని 350వ అధికరణ ప్రకారం, తన కష్టం తీర్చమని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఎమ్మెల్యేకు, కార్పొరేటర్‌కు, కలెక్టర్‌కు తెలుగులోనే రాయండి. ఎంపీకి ఇచ్చేది ఢిల్లీ ఆఫీసులకు పోవాల్సినదైతే, తెలుగు ఉత్తరం వెనుక ఇంగ్లిషు అనువాదం ఒక పేజీ జతచేస్తే వారి పని తేలికవుతుంది, మీ పని త్వరగా అవుతుంది. ఇది సౌకర్యం కోసమే, తప్పనిసరి అని కాదు.

సంతకాల గురించి ఒక మాట. వెయ్యిమంది గీతలు గీసిన కాగితాల కట్ట కంటే, పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు స్పష్టంగా ఉన్న యాభై సంతకాలు మేలు. ఆ యాభైలో ఆడవాళ్ల సంతకాలు సగం ఉండేలా చూడండి. నీళ్ల ట్యాంకరు కోసం నిలబడేది, చీకటి వీధిలో భయపడేది ఎక్కువగా వాళ్లే. ఆధార్ జిరాక్స్‌లు మాత్రం జతచేయకండి. ఎవరూ అడగలేదు, ఎవరి చేతుల్లో పడతాయో మీకు తెలియదు.

ఒక నమూనా

హైవే దాటడం కష్టంగా ఉన్న కాలనీ ఒకటి ఉందనుకుందాం. వారు ఎంపీకి ఇలా రాయవచ్చు. ఇది ఊహించి రాసినది. ఖాళీల్లో మీ వివరాలు మీరు నింపుకోండి.

“గౌరవనీయులైన భువనగిరి పార్లమెంటు సభ్యులు గారికి, నమస్కారం.

విషయం: జాతీయ రహదారి 65 మీద పెద్ద అంబర్‌పేట్ ఫలానా బస్టాపు దగ్గర పాదచారుల వంతెన కోసం ఉమ్మడి తనిఖీ జరిపించమని వినతి.

మేము పై బస్టాపుకు ఎదురుగా ఉన్న ఫలానా కాలనీ నివాసులం. మా కాలనీలో ఇన్ని ఇళ్లున్నాయి. మా పిల్లల బడి, మందుల దుకాణం, నగరంలోకి వెళ్లే బస్సులు ఆగే చోటు రోడ్డుకు అవతలి పక్కన ఉన్నాయి. దాటడానికి జీబ్రా గీతలుగానీ సిగ్నల్‌గానీ లేవు. దగ్గరలోని యూ టర్న్ ఇంత దూరంలో ఉంది. ఫలానా తేదీన ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు మా సంఘం సభ్యులు నిలబడి లెక్కపెడితే ఇంతమంది రోడ్డు దాటారు, వారిలో బడి పిల్లలు ఇందరు. ఫొటోలు, చేతితో గీసిన పటం జతచేశాం.

కాబట్టి జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, ట్రాఫిక్ పోలీసులకు తమరు లేఖ రాసి, నెల రోజుల్లోగా ఈ స్థలంలో ఉమ్మడి తనిఖీ జరిపించి, వంతెన సాధ్యాసాధ్యాల మీద నివేదిక తెప్పించమని కోరుతున్నాం. అంతవరకు ఉదయం, సాయంత్రం బడి వేళల్లో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను ఉంచమని కోరుతున్నాం. తనిఖీ రోజున మేము అక్కడ ఉండి వివరాలు చూపిస్తాం. తమరు రాసిన లేఖ నకలు మాకు పంపగలరు.”

కింద సంతకాలు, ఫోన్ నంబరు, జతపరిచిన కాగితాల జాబితా.

ఇందులో బలమంతా ఆ గంటసేపు నిలబడి చేసిన లెక్కలో ఉంది. ‘నిత్యం వేలాదిమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని’ అని రాయడం సులువు. అధికారి దాన్ని చదవడు. మీరే కళ్లారా చూసి లెక్కపెట్టిన అంకెను మాత్రం తోసిపుచ్చాలంటే ఆయన వచ్చి మళ్లీ లెక్కపెట్టాలి. ఆయన రావాలన్నదే కదా మనం కోరేది. వంతెన మంజూరు కాకపోయినా కానిస్టేబుల్ రావచ్చు. పెద్ద కోరిక పక్కన అదే సమస్యకు వెంటనే చేయగలిగిన చిన్న పని ఒకటి పెట్టడం వల్ల కాదనడం కష్టమవుతుంది. నకలు అడగడం ఎందుకంటే, ఆ లేఖ నంబరు, తేదీ చేతిలో ఉంటేనే తర్వాత మీరు అధికారిని అడగగలరు.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

కాలం చూసి ఇవ్వడం సగం పని. రాష్ట్ర బడ్జెట్ సమావేశాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. డబ్బు కావాల్సిన పని మీద ఉత్తరం అంతకు రెండు మూడు నెలల ముందే చేరాలి. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే సభ్యులు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకని పార్లమెంటు సమావేశాలకు నెల ముందే ఎంపీకి ఉత్తరం అందాలి. కేంద్ర పథకాల పనితీరును సమీక్షించడానికి జిల్లాలో ఒక ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ ఉంటుంది, మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ సమావేశం తేదీ కలెక్టరేట్‌లో కనుక్కుని, దానికి ముందు వారం మీ ఉత్తరం ఇచ్చారంటే, ఎంపీ ముందు సంబంధిత అధికారులంతా కూర్చుని ఉన్నప్పుడే మీ మాట బయటికి వస్తుంది. ఈ అవకాశాన్ని వాడుకునే కాలనీలు చాలా తక్కువ.

ఎంపీ నిధుల గురించి కూడా అంచనా సరిగ్గా ఉండాలి. ఏడాదికి 5 కోట్లు. భువనగిరి స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. కాలనీ మొత్తానికి సీసీ రోడ్లు ఆ నిధుల్లోంచి అడిగితే అయ్యే పని కాదు. బడికి ఒక గది, ఊరికి ఒక రీడింగ్ రూము అడిగితే వినే అవకాశం ఉంటుంది.

చేతికి ఇవ్వగలిగితే చేతికే ఇవ్వండి. ముగ్గురు వెళ్లండి, ముప్పైమంది వద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. పీఏలు కొందరు ‘ఎందుకండీ, మేం చూసుకుంటాంగా’ అంటారు. నవ్వుతూనే ‘సంఘం రిజిస్టరులో పెట్టుకోవాలి సార్’ అనండి, వేసిస్తారు. ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టుకోవడం మీ ఇష్టం, కానీ ఆ ఫొటో రశీదు కాదు. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులోనే పంపండి. 2025లో పాత రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది. బట్వాడా అయిన వివరం ప్రింటు తీసి దాచుకోండి.

అదే ఉత్తరం నకలును కొంగర కలాన్‌లోని రంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వండి. బేగంపేట ప్రజా భవన్‌లో మంగళ, శుక్రవారాల్లో తీసుకుంటారు. అక్కడ ఇచ్చే నంబరుతో ఎమ్మెల్యే ఆఫీసుకు మళ్లీ వెళ్లి, ‘సార్, ఈ నంబరు మీద మీరొక మాట చెప్తే’ అనండి. ప్రజాప్రతినిధి మాట, ప్రభుత్వ నంబరు రెండూ ఒకే ఫైలు మీద కలిస్తే ఆ ఫైలును మరచిపోవడం ఎవరికైనా కష్టం.

జవాబు రాకపోతే కోపగించుకుని కూర్చోకండి. నెల రోజులు చూసి రెండో ఉత్తరం రాయండి. ‘సూచిక: మా ఫలానా తేదీ వినతిపత్రం’ అని పైన వేసి నాలుగే పంక్తులు రాయండి. ఆ తర్వాత కూడా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఉత్తరాన్ని ఏ శాఖకు పంపారో ఆ శాఖ సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ‘ఫలానా తేదీన శాసనసభ్యుల సిఫారసుతో అందిన మా వినతిపత్రం మీద ఈనాటి వరకు తీసుకున్న చర్యలు, ఫైలు నోటింగుల నకళ్లు ఇవ్వండి’ అని అడగండి. ఎందుకు చేయలేదు అని అడగకండి, దానికి వాళ్లు జవాబు చెప్పనక్కర్లేదు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. గడువులోగా రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. ఫైలు ఏ బల్ల మీద, ఏ తేదీ నుంచి ఉందో ఆ నోటింగుల్లో తెలుస్తుంది. అప్పుడు మూడో ఉత్తరం ఎవరికి రాయాలో మీకే తెలుస్తుంది.

పని జరిగితే, లేదా సగమైనా జరిగితే, కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం రాయండి. ఆ కాగితాన్ని ప్రజాప్రతినిధి దాచుకుంటారు, పదిమందికి చూపిస్తారు. పని చేసిన ఏఈ పేరు అందులో ఉంటే ఆయన కూడా మీ కాలనీని గుర్తుంచుకుంటాడు. అడగడానికే తప్ప మాట్లాడని కాలనీ కంటే, జరిగింది గుర్తించి చెప్పే కాలనీ మాటను ముందు వింటారు. ఇది లౌక్యం కోసం చెప్పడం లేదు. పని చేసినవారికి ఆ మాట దక్కడం న్యాయం.

ఉత్తరాలు, రశీదులు, జవాబులు అన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. సంఘం కార్యదర్శి మారినప్పుడు ఆ ఫైలు కొత్తవారి చేతికి ఇవ్వండి. ఎమ్మెల్యేలు మారతారు, వార్డులు మారతాయి, పెద్ద అంబర్‌పేట్‌కు మున్సిపాలిటీయే మారిపోయింది. ఆ ఫైలు ఉన్న కాలనీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

రాసే మనిషి దొరకలేదని ఆగకండి. మీ వీధిలో ఇంటర్ చదివే పిల్లనో పిల్లాడినో పిలిచి, మీరు చెప్పండి, వాళ్ల చేత రాయించండి. ఈ ఆదివారమే కూర్చోండి. అన్నిటికంటే ముందు తీరాల్సిన కష్టం ఒకటి ఎంచుకుని, ‘విషయం’ అన్న పంక్తి మొదట రాయండి.